చేప చెవిలోని నది

చేపల పరిశోధనలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వెంగళరావు నగర్‌లో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కివచ్చి, మంచినీళ్లు తాగి, మొదట అడిగేది ఒక్కటే. "మేడమ్, ఈ లైన్లో స్కోప్ ఎలా ఉంటుంది?"

స్కోప్ సంగతి నాకు తెలియదు. వాసన సంగతి తెలుసు. ఎంత నిమ్మకాయ రుద్దినా చేతిని వదలని ఆ వాసనతోనే పెళ్లిళ్లకు వెళ్లాను, సెమినార్లకు వెళ్లాను, మా నాన్న చనిపోయిన రోజున ఊరికి వెళ్లాను. ఉద్యోగం అంటే నాకు అదే. చచ్చిన చేప తల కోసి, మెదడు కింది అరలోంచి బియ్యపు నూకంత రాయిని పట్టకారుతో తీసి, గాజుపలక మీద అంటించి, వెలుతురు ఇటునుంచి అటు కనపడేదాకా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద దాని వలయాలు చదవడం. అది అయ్యాక ఇంకో తల.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నవి రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. ఈ పని దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో రాస్తాను. మొదటిది మీకు కాలేజీలో చెబుతారు. రెండోది ఎవరూ చెప్పరు. ఆ రెండోది గుర్తులేకపోతే నా చేతి మీదుగానే ఒక వంటమనిషి దొంగ అయిపోయేది.

మా నాన్న హేతువాది. ఊరూరా సభల్లో వాదించేవాడు. ఇంట్లో కూడా ఊరుకునేవాడు కాదు. "నేను నమ్ముతున్నాను అనకు. ఎలా తెలిసిందో చెప్పు" అనేవాడు. చారులో ఉప్పు ఎక్కువైందన్నా అదే మాట. మా అమ్మ విసుక్కుని గరిటె ఆయన చేతిలో పెట్టేది. నేను మాత్రం ఆ ప్రశ్న మీదే బతికాను.

రాయి ఏం చెబుతుంది

చేపకు పైకి చెవి కనపడదు. లోపల ఉంటుంది, అందులో రాయి ఉంటుంది. చేప బతికినంత కాలం ఆ రాయి పొర మీద పొర కట్టుకుంటుంది. ఎముక అరుగుతుంది, కరుగుతుంది. చెవిరాయిలో పడిన పొర చెక్కుచెదరదు. తిండి దొరికి, నీరు వెచ్చగా ఉన్నన్నాళ్లూ పొర మందంగా పడుతుంది. నీరు ఇంకి, ఆకలి మిగిలిన కాలంలో సన్నని నల్లగీత పడుతుంది. సముద్రం అడుగునుంచి చల్లని నీరు పైకి వచ్చే నెలల్లో నాచు విరివిగా పుడుతుంది, దాన్ని తిని చేప ఒళ్లు చేస్తుంది. వరద నదిలో ఎదురీదే చేప తిండి దాదాపు మానేస్తుంది. అప్పుడు గీతలు ఇరుకిరుకుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటాయి.

పెరుగుదల కథ అది. పుట్టుక కథ ఇంకాస్త లోపలుంది. నీటిలో కరిగిన లోహాలు కొన్ని ఆ పొరల్లో చిక్కుకుపోతాయి. స్ట్రాన్షియం అనేది అలాంటిది. సముద్రపు నీటిలో ఎక్కువ, నదినీటిలో తక్కువ. అంతేకాదు, ఏ నది స్ట్రాన్షియానికి ఆ నది గుర్తు ఉంటుంది. గోదావరి చాలా దూరం దక్కను నల్లరాతిని ఒరుసుకుంటూ వస్తుంది. గంగ హిమాలయాల ముసలి రాళ్లను పొడి చేసుకుంటూ వస్తుంది. ఈ రాళ్లలో స్ట్రాన్షియం ఒకటే అయినా, బరువులో వెంట్రుకవాసి తేడా ఉన్న దాని రకాలు వేర్వేరు పాళ్లలో ఉంటాయి. ఆ పాళ్లు రాతినుంచి నీటిలోకి, నీటినుంచి చేప చెవిలోకి చేరతాయి. రాయి నడిబొడ్డున చేప పుట్టిన నీరు ఉంటుంది. అంచున అది చివరగా ఈదిన నీరు ఉంటుంది.

పుట్టుక అనే మాటను మన దేశంలో మనిషి మీద ఎలా ప్రయోగిస్తారో మీకు తెలియనిది కాదు. చేప దగ్గర పుట్టుక అంటే నీరు, రాయి, తిండి. అంతవరకే. ముత్తాత పేరు రాయిలో ఎక్కడా దొరకదు. నేను వెతికాను.

నరహరి గారి ప్రశ్న

నా మొదటి డైరెక్టరు నరహరి గారు. కోపిష్టి. తల కోసేముందు ఫోటో తీయకపోతే ఆ చేపను చెత్తబుట్టలో పడేయించేవాడు. "కోశాక మళ్లీ అతికించలేవు. ముందు ఫోటో, తరువాత కత్తి" అనేవాడు. మాకు చాదస్తంగా తోచేది. ఆయన వెనక నవ్వుకునేవాళ్లం.

అప్పట్లో ఒక జలాశయం దగ్గర గొడవ జరిగింది. మత్స్యకారులు పిల్లచేపల్ని పట్టి జలాశయాన్ని గొడ్డు చేస్తున్నారని ఒక అధికారి వాళ్ల వలలన్నీ గుంజుకున్నాడు. చేపలు చూస్తే నిజంగానే అరచేతికి మించి లేవు. నేను కుర్రతనపు ఉత్సాహంతో "పిల్లలే సార్, స్పష్టంగా తెలుస్తోంది" అన్నాను. నరహరి గారు నావైపు చూడకుండానే "ఏం తెలుస్తోంది? పొడవు తెలుస్తోంది. నిన్ను అడిగింది వయసు" అన్నాడు.

రాళ్లు తీశాం. ఒక్కోదానిలో నాలుగేసి వలయాలు ఉన్నాయి. బయటి వలయాలు దారంలా ఇరుకుగా ఉన్నాయి. అవి పిల్లలు కావు, ముదిరిన చేపలు. ఆ నీటిలో తిండి తక్కువ, నోళ్లు ఎక్కువ. ఆకలితో గిడసబారిపోయాయి. నిజానికి వాటిని పట్టడమే జలాశయానికి మేలు. వలలు తిరిగి ఇప్పించేటప్పుడు ఆ అధికారి "చిన్నగా ఉంటే పిల్లలనే కదండీ అనుకుంటాం" అన్నాడు. నరహరి గారు ఊరుకోలేదు. "మీరు అనుకున్నదానికి వాళ్లు పస్తులున్నారు."

తిరిగివస్తూ జీపులో నాతో ఒక మాటన్నాడు. "రాయి అబద్ధమాడదు. కానీ అడిగినదానికే జవాబు చెబుతుంది. తప్పు ప్రశ్న అడిగావో, నిజం చెప్పి మరీ నీ కొంప ముంచుతుంది."

ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి నేను రిటైరయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.

క్యారేజీ

ఏటా వానాకాలంలో జూబ్లీహిల్స్‌కూ ఫిల్మ్ నగర్‌కూ మధ్య ఒక రాయబారం నడుస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చిందనగానే నిర్మాతలు పులస తెప్పిస్తారు. పులుసు వండించి, ఒక రాత్రి ఊరనిచ్చి, మర్నాడు స్టీలు క్యారేజీలో హీరో ఇంటికి పంపుతారు. డేట్ల మాట ఆ తరువాతే. కథ బాగాలేకపోయినా ఫరవాలేదు గానీ పులుసు బాగుండాలి అని ఇక్కడ జోకు. పూర్తిగా జోకు కూడా కాదు.

సముద్రంలో ఉన్నప్పుడు దాన్నే ఇలస అంటారు. గోదావరిలోకి ఎదురెక్కితే పులస అంటారు. చేప ఒకటే. ఎదురీతలో ఒంట్లో ఉప్పు తగ్గి, కొవ్వు కరిగి, కండ మారుతుంది, రుచీ మారుతుంది. అది ప్రయాణం చేసే పని. దీన్ని గోదారమ్మ మహిమ అని పద్యం ఎత్తుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. సరే, ఆ పేచీ ఇక్కడ వద్దు.

రిటైరైన కొన్నేళ్లకు, ఒక ఉదయం యాదగిరి వచ్చాడు. యూసుఫ్‌గూడలో ఉంటాడు. సినిమాల్లో లైట్‌మ్యాన్, షూటింగ్ లేని రోజుల్లో ఇళ్లలో కరెంటు పనులు చేస్తాడు. మా ఇంట్లో ఫ్యాన్లన్నీ అతను బిగించినవే. చేతిలో ఐసు ముక్కలతో ఒక స్టీలు డబ్బా ఉంది.

"అమ్మా, జర గీ డబ్బా ఫ్రిజ్‌ల పెట్టుండ్రి. పులస తలకాయ."

"నాకెందుకయ్యా?"

"మా పక్కింట్ల సత్యవతక్క ఉన్నది గదా, ప్రొడక్షన్ల వంట చేస్తది. ఆమె చేప మార్చిందని దొంగతనం కడుతున్నరు. పొద్దుగాల నుంచి ఆఫీసుల కూసోబెట్టిండ్రు. ఫోన్ గుంజుకున్నరు. పోలీసుకిస్తరట. మీరు చేప తల కోసి అది ఏ నీళ్లదో చెప్తరని, నేనే ఆమె బిడ్డతోని ఇంట్ల ఐసుల పెట్టిన గీ తల తెప్పించిన."

జరిగింది ఇది. గోవర్ధనరావు అనే నిర్మాత తన బావమరిది శేషుతో పులస తెప్పించాడు. సత్యవతి వండింది. క్యారేజీ హీరో ఇంటికి వెళ్లింది. హీరో మేనమామది కోనసీమ. ఒక ముక్క నోట్లో పెట్టుకుని పళ్లెం పక్కకు తోసి, "ఇది పులస కాదు. ఆ నిర్మాతకు మనమంటే లెక్కలేదు" అన్నాడట. ఆ సాయంత్రానికే హీరో డేట్లు వెనక్కి పోయాయి. శేషు వంటగదివైపు వేలు చూపించాడు. అసలు పులసను సత్యవతి ఏదో హోటలుకు అమ్ముకుని, ఐసు ఇలసను వండి పెట్టిందని చెప్పాడు.

ఆవిడకు భర్త లేడు. కూతురు నర్సింగ్ చదువుతోంది. సినిమా వంటలు తప్ప వేరే పని తెలియదు. ఈ ముద్ర పడితే ఫిల్మ్ నగర్‌లో ఏ గిన్నె దగ్గరికీ రానివ్వరు.

ఆఫీసులో

నేను వెళ్లేసరికి సత్యవతి పాంట్రీ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి గానీ ఏడవడం లేదు. శేషు నిలబడి మాట్లాడుతున్నాడు. తెల్లచొక్కా, చేతికి రెండు ఎర్రదారాలు.

"పడవ దగ్గర నిలబడి తెచ్చాను మేడమ్. వలలోంచి తీస్తుంటే కళ్లారా చూశాను."

"మా బావమరిది అబద్ధం చెప్పడండీ" అన్నాడు గోవర్ధనరావు.

"మీకెలా తెలుసు?" అన్నాను. మా నాన్న నోరు నాకొచ్చింది, ఏం చేయను!

ఆయన కాస్త తడబడ్డాడు. శేషు అందుకున్నాడు. "తల ఇంటికి పట్టుకుపోయింది చూశారా? అక్కడే తెలియడం లేదూ అలవాటు?"

సత్యవతి లేచి నిలబడింది. "తల వంటోళ్లదే కదండీ. పెద్దోళ్ల క్యారేజీలో తల పెట్టరు కదండీ. నాలుగేళ్లనుంచీ నేనే తీసుకెళ్తన్నాను. మొన్నటిదాకా దొంగతనం కాదుగా అది?"

"నోరు చూడండి! వీళ్ల పుట్టుకే అంత మేడమ్."

నాకు ఒళ్లు మండింది. "శేషుగారూ, పుట్టుక చెప్పడం నా వృత్తి. చేపకైతే చెప్పగలను, పరికరాలున్నాయి. మనిషికి మీరు ఏ పరికరంతో చూశారో చెప్పండి, నేర్చుకుంటాను."

అతను నవ్వేశాడు. నేను గోవర్ధనరావువైపు తిరిగాను. ఈ తలలోని రాయి ఏ నీటిలో పెరిగిందో చెప్పగలనని, అది తేలేదాకా పోలీసుల మాట ఎత్తవద్దని, ఆవిడ ఫోను ఇచ్చి ఇంటికి పంపమని అడిగాను. ఆయనకు కావలసింది హీరో మేనమామ ముందు పెట్టడానికి ఒక కాగితం. తటపటాయించాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆయన్ను ఒప్పించింది శేషు.

"చేయించండి బావా. సైన్స్ కదా! గోదారిది కాదని తేలిందనుకోండి, ఇక మాటే లేదు. ఆవిడ మార్చినట్టే. రాసుకుందామా మేడమ్?"

"రాయి ఫలితం వచ్చాక చూద్దాం" అన్నాను. మెట్లు దిగుతుంటే ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది. ఆరోపణ చేసినవాడు పరీక్షకు ఒప్పుకుంటే మనకు సంతోషం కలగాలి. నాకు కలగలేదు. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను.

పులసమ్మ

ఇంటికొచ్చి తలను అన్నివైపులా ఫోటో తీశాను. ముందు ఫోటో, తరువాత కత్తి. రెండు రాళ్లూ తీసి, నా దగ్గర చదువుకున్న అనితకు పంపాను. ఈ నగరంలోనే రాళ్లను పరీక్షించే ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. గోదావరి ముఖద్వారం దగ్గరా, గంగ ముఖద్వారం దగ్గరా, నడి సముద్రంలోనూ నేను సర్వీసంతా పోగుచేసిన చెవిరాళ్ల డబ్బాలు ఆమె దగ్గరే ఉన్నాయి. పోల్చి చూడ్డానికి తెలిసిన రాళ్లు లేకపోతే ఎంత పెద్ద యంత్రమైనా గుడ్డిదే.

యంత్రం ఖాళీ అయ్యేదాకా ఆగాలి. కొన్ని వారాలు పట్టింది. ఈలోగా సత్యవతికి పని లేదు. వేరే కంపెనీలకు వెళితే "ఏం పులసమ్మా, ఇవాళ ఏం చేప మారుస్తావ్?" అని నవ్వి పంపేశారట. ఆ పేరు యూసుఫ్‌గూడ దాకా వచ్చింది. మోతీనగర్‌లో ఒక పెళ్లివంటకు పిలిచి, ముందురోజు వద్దన్నారు.

ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని అడిగింది.

"అమ్మగారూ, ఆ రాయి గోదారిదని చెప్తే నేను మంచిదాన్ని. కాదని చెప్తే?"

"ఎక్కడిదైతే అక్కడిదని చెబుతుందమ్మా."

"అదే కదండీ నా భయం. నేనైతే ఆయన సంచిలోంచి తీసి ఇచ్చిందే వండాను. ఆయన తెచ్చిందే గోదారిది కాదనుకోండి. అప్పుడు మీ రాయి ఎవరి మెడకు చుట్టుకుంటుందండీ?"

నరహరి గారి జీపు మాట ఆ క్షణాన చెవిలో పడింది. చేప ఎక్కడిది అన్నది ఒక ప్రశ్న. ఈ మనిషి మార్చిందా అన్నది ఇంకో ప్రశ్న. నేను మొదటిదానికి జవాబు చెబుతానని వెళ్లి, అందరి ముందూ అదే రెండోదానికీ జవాబన్నట్టు మాట్లాడి వచ్చాను. శేషు అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు తెలిసింది. రాయి ఏం చెబుతుందో అతనికి ముందే తెలుసు.

గంగ

అనిత ఫోన్ చేసింది.

"మేడమ్, గోదావరి కాదు. నడుమ గంగ గుర్తే ఉన్నది. ఎన్కకేమో సముద్రం. అంచుకొచ్చేసరికి మళ్లా గంగే. పుట్టింది గాడ, పట్టింది గూడ గాడనే. డౌట్ పడి రెండో రాయి గూడ చూసిన. గదే వచ్చింది."

యంత్రం ఇచ్చిన అంకెలూ, గ్రాఫూ పంపింది. గ్రాఫు అద్దంలా ఉంది. నా సర్వీసులో ఇంత స్పష్టమైన రాళ్లు చాలా తక్కువ చూశాను. ఇంకో సందర్భంలో ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు ఆ అంకెల్ని ఆ ఆఫీసు బల్ల మీద పెడితే ఏమవుతుందో కళ్లకు కడుతోంది. శేషు చప్పట్లు కొడతాడు. సత్యవతి కథ ముగుస్తుంది. పోనీ దాచేస్తే? ఒక మంచిపని కోసం ఒక నిజాన్ని దాయడం. అలా దాచిపెట్టేవాళ్లతో మా నాన్న జీవితమంతా కొట్లాడాడు. దాచను. అయితే ఆ నిజం పక్కన ఇంకో నిజం కావాలి. ఈ తల శేషు తెచ్చిన చేపదేనా? అది తేలాలి.

యాదగిరిని పిలిపించాను. "శేషు ఆ చేపను తెచ్చినప్పుడు ఎవరైనా చూశారా? ఫోటో ఏదైనా?"

"ఫోటో ఏంది అమ్మా, వీడియోనే తీసిండు! చేపను పట్టుకోని, 'పడవ మీదికెల్లి డైరెక్ట్' అనుకుంట యూనిట్ గ్రూపుల పెట్టిండు. లొల్లి షురువైనంక డిలీట్ కొట్టిండు."

"అయ్యో."

"ఫికర్ చెయ్యకుండ్రి. గ్రూపులకెల్లి పోయింది గానీ, నా ఫోన్ల గ్యాలరీల ఎట్లొచ్చింది అట్లనే ఉన్నది. గుడ్ మార్నింగ్ ఫోటోలతోనే నిండిపాయె అని నా పెండ్లాం రోజు తిడ్తది. ఇయ్యాల పనికొచ్చింది."

వీడియోలో శేషు చేపను మొప్ప దగ్గర పట్టుకుని ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఒకచోట ఆపాను. ఎడమ మొప్ప మీది మూత అంచున, ఎప్పుడో తెగి మానిన గాటు ఉంది. నేను కత్తి పెట్టకముందు తీసిన ఫోటో తెరిచాను. అదే గాటు. అయినా నన్ను నేను ఆపుకున్నాను. గాటు ఒక్కటే అయితే నోరు తెరవకూడదు. వలల్లో పడి తప్పించుకున్న చేపలకు గాట్లు మామూలే. ఇంకా వెతికాను. పైపెదవి కుడివైపు చిన్న ముక్క లేదు. రెంటిలోనూ లేదు. గాటు కింద పక్కపక్కన రెండు గుంటలు. రెంటిలోనూ ఉన్నాయి. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలాను.

ఒక్క చాదస్తపు డైరెక్టరు కోప్పడి నేర్పిన అలవాటు లేకపోతే, ఆ తల నా కత్తి కింద ముక్కలై, వీడియోతో పోల్చడానికి ఏమీ మిగిలేది కాదు. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి.

మొప్ప మీద గాటు

మళ్లీ అదే ఆఫీసు. సత్యవతి ఈసారి కూర్చోలేదు. యాదగిరి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చేప గోదావరిది కాదు. గంగ వైపుది" అన్నాను.

శేషు అరచేత్తో బల్ల మీద కొట్టాడు. "చెప్పానా బావా! మార్చేసింది! సైన్సే చెప్పింది!"

గోవర్ధనరావు సత్యవతివైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నాలుగేళ్లు ఆవిడ చేతి అన్నం తిన్న మనిషి. ఆవిడ నన్ను చూస్తోంది. నేను ఫోన్ బల్ల మీద పెట్టి వీడియో ఆపినచోట చూపించాను. పక్కన నా ఫోటో పెట్టాను.

"ఈ చేప ఎవరి చేతిలో ఉంది?"

"మావాడి చేతిలో" అన్నాడు గోవర్ధనరావు.

"మొప్ప మీద గాటు చూడండి. పెదవి చూడండి. ఈ రెండు గుంటలు చూడండి. ఇప్పుడు ఈ తల చూడండి. నాకు రాళ్లు ఇచ్చిన తల ఇదే."

గోవర్ధనరావు కళ్లద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. రెండు బొమ్మల్నీ వేలితో పెద్దవి చేసి చూశాడు. బయట ఎవరో క్యాస్టింగ్ గురించి గట్టిగా మాట్లాడుతున్నారు.

"శేషూ" అన్నాడు చివరికి. "ఎక్కడ కొన్నావురా?"

"బావా, అదీ..."

"పడవ దగ్గర నిలబడ్డావుగా. ఏ పడవ?"

శేషు పెదవులు తడుపుకున్నాడు. "ఎర్రనీరు లేటైంది బావా. మీరేమో క్యారేజీ వెళ్లాలి, వెళ్లాలి అని తొందర పెట్టారు. ఇక్కడే సిటీలో ఐసుపెట్టెలో దొరికింది. తేడా ఎవడికి తెలుస్తుందిలే అనుకున్నాను."

తలుపు దగ్గర యాదగిరి పెదవి కదిలింది. "మామకు తెలిసింది గద అన్నా."

గోవర్ధనరావు నుదురు రుద్దుకున్నాడు. తరువాత నావైపు వంగి, గొంతు తగ్గించాడు.

"మేడమ్, మీరు పెద్దవారు. ఇది ఇంటి పరువు. రిపోర్టులో 'తేల్చలేకపోయాం' అని ఒక్క ముక్క రాయండి. సత్యవతిని రేపట్నుంచే పనిలోకి తీసుకుంటాను. ఆవిడకూ మంచిదే, నాకూ మంచిదే."

మెత్తగా అడిగే ఇలాంటి మాటలే ఈ వృత్తిలో మిమ్మల్ని చంపుతాయి. బెదిరింపులు కావు. నా సర్వీసులో తేల్చలేనివి బోలెడు. వాటికి తేల్చలేదనే రాశాను, తిట్లు తిన్నాను. తేలినదాన్ని తేల్చలేదని ఒక్కసారి రాస్తే, ఆ నిజమైన 'తేల్చలేదు'లకు కూడా విలువ పోతుంది. అదే చెప్పాను.

సత్యవతి అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నన్ను యూనిట్ మొత్తం ముందు దొంగన్నారండీ. టిఫిన్ల లైన్లో. గరిటె లాక్కున్నారు. గదిలో కూర్చుని పనిలోకి రమ్మంటే, అక్కడున్నోళ్లకి నేనేటండీ? దొంగతనం చేసినా దయతలిచి పెట్టుకున్నారనుకుంటారు. అందరి ముందూ అన్నారు, అందరి ముందే కాదనండి. అప్పుడొస్తాను."

నాలుక గురించి ఒక మాట

ఈ కథ విన్న నా హేతువాద మిత్రులు ఒకచోట ఇబ్బంది పడతారు. ఆ మేనమామ నాలుక నెగ్గింది కదా అంటారు. నెగ్గింది, ఒప్పుకుంటాను. చిన్నప్పటినుంచీ ఒక చేపను తిన్నవాడి నాలుకకు అనుభవం ఉంటుంది, అందులో మాయ లేదు. కానీ ఆ నాలుక "ఇది పులస కాదు" అని ఊరుకోలేదు. "మనమంటే లెక్కలేదు" అని కూడా చెప్పింది. మొదటిది రుచి, రెండోది అహంకారం. రెంటినీ ఒకే నోటితో చెబితే రెండూ నిజమే అనిపిస్తాయి. నా రాయి విషయంలోనూ జరగబోయింది అదే. చేప గంగది అన్నది నిజం. కాబట్టి ఆవిడ దొంగ అన్నది శేషు దానికి అతికించిన తోక.

మీ చేతిలోకి ఇంతకన్నా గొప్ప యంత్రాలు వస్తాయి. తోకలు అతికించేవాళ్లు వాటికన్నా ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటారు. కోటు వేసుకుని, సైన్స్ మీద గౌరవం ఉందని చెబుతూ వస్తారు. నదిలో చేప పెరగడానికి వంద కారణాలుంటాయి, అవన్నీ ఓపిగ్గా రాయండి. మనిషి మీద ఒక్క మాట రాసేముందు మాత్రం నన్ను అడిగింది ఇదేనా అని చూసుకోండి.

టిఫిన్ల వేళ

గోవర్ధనరావు రెండుమూడు రోజులు నలిగాడు. చివరికి యాదగిరి కబురు తెచ్చాడు. "అమ్మా, మీరు గూడ రావాలె. లేకుంటే సార్ మాట మింగుతడు."

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు కిరాయికిచ్చే ఒక బంగళా. వెనక ఆవరణలో రేకుల కింద టిఫిన్లు. లైట్‌మెన్, డాన్సర్లు, మేకప్ వాళ్లు పళ్లేలు పట్టుకుని వరుసలో ఉన్నారు. గిన్నెల వెనక సత్యవతి నిలబడింది. గరిటె ఆవిడ చేతిలో లేదు, గిన్నె అంచుకు ఆనించి ఉంది. ముట్టుకోలేదు.

గోవర్ధనరావు వచ్చి గొంతు సవరించుకున్నాడు. "మొన్న చిన్న కన్‌ఫ్యూజన్ జరిగింది. అయిపోయింది. అందరూ టిఫిన్ చేయండి."

వరుస కదలలేదు. సత్యవతి కదలలేదు.

"ఏం కన్‌ఫ్యూజనండీ?" అంది.

ఎవరో వెనకనుంచి "గట్టిగ చెప్పుండ్రి సార్, ఈడికి వినొస్తలేదు" అన్నారు. యాదగిరి గొంతే అని నా అనుమానం. రుజువు లేదు.

ఆయన ఒకసారి నావైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. ఆయన మంచివాడే, పిరికివాడు, అంతే. ఈసారి గొంతు పెరిగింది.

"సత్యవతి చేప మార్చలేదు. మావాడు తెచ్చినప్పుడే అది గోదారి చేప కాదు. ఆవిణ్ని దొంగ అనడం తప్పు. ఆ మాట నేనన్నాను, నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సినిమాల్లోనే కొడతారు. ఒక ముసలి మేకప్‌మ్యాన్ పళ్లెం ముందుకు చాపాడు. "ఇడ్లీలు చల్లారిపోతున్నయ్ అక్కా." సత్యవతి గరిటె అందుకుంది.

వరుస చివర శేషు వచ్చాడు. బావ పంపాడో, ఆకలే పంపిందో. పళ్లెం పట్టుకుని తల దించుకున్నాడు. అందరి చేతులూ ఆగాయి. సత్యవతి అందరికీ వేసినన్నే ఇడ్లీలు వేసింది, అందరికీ పోసినంతే సాంబారు పోసింది.

"అడగరేటండీ శేషుబాబూ?" అంది.

"ఏంటి?"

"ఇవి ఏ నీళ్లతో వండానో."

వరుసలో నవ్వు మొదలై ఆవరణంతా పాకింది. శేషు పళ్లెం తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. ఒక్కటీ మిగల్చకుండా అన్నీ తిన్నాడు.